రాత్రికో ఎవిల్ వేసుకుంటే నిద్ర పడుతోంది, రోజూ వేసుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. మీ అమ్మగారికి 66 ఏళ్లు, శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఊళ్లో నాన్నగారితో ఉంటారు. ఏడాది కిందట ఒంటి దురదకని మొదలుపెట్టిన ఎవిల్ మాత్ర ఇప్పుడు వేసుకోకపోతే నిద్ర పట్టడం లేదు, ఒకటి చాలక రెండు వేసుకుంటున్నారు. పోయిన వారం అర్ధరాత్రి లేచి, గుమ్మం దగ్గర నిలబడి, ఎప్పుడో చనిపోయిన వాళ్ల అన్నయ్యని పిలిచారు. నాన్నగారేమో అది జలుబు మాత్రే కదా, నిద్ర మాత్ర కాదు కదా, ఏం కాదు అంటున్నారు. అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడు నీకో డబ్బా ఇచ్చాడు, అక్కడ చీటీ లేకుండా అమ్మే నిద్ర మాత్రలట, ఎవిల్ బదులు అవి ఇవ్వొచ్చా అన్నది నీ ప్రశ్న.

ముందు సమాధానం చెప్పేస్తాను, ఎందుకన్నది తర్వాత. ఎవిల్ రోజూ వేసుకోకూడదు, ఆ వయసులో అసలే కూడదు. ఆ డబ్బా ఇవ్వొద్దు, అందులో ఉన్నదీ ఇదే జాతి మందు. ఈ రాత్రి నుంచే రెండో మాత్ర ఆపించు, మిగతాది ఎలా తగ్గించాలో కింద రాశాను. రాత్రిపూట అలా అయోమయంలో పడ్డారన్నావు చూడు, దాని కోసం రెండు మూడు రోజుల్లోపే డాక్టర్‌కి చూపించు. చూపించినప్పుడు క్రియాటినిన్ పరీక్ష, అంటే మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష, చేయించకుండా మాత్రం తిరిగి రావొద్దు.

నేను డాక్టర్ని కాదు. ఫార్మసిస్టుని, 28 ఏళ్లుగా కాశీబుగ్గలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడుతున్నాను. పలాస జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లు, ఉద్దానం కొబ్బరి తోటల వాళ్లు, సముద్రం మీదికి వెళ్లే వాళ్లు, అందరూ వచ్చే షాపు మాది. ఈ మాత్ర కోసం ఎంతమంది వస్తారో, ఏమని అడుగుతారో నాకు బాగా తెలుసు. ఒక పెద్దావిడ వస్తుంది, కొంగు ముడి విప్పుతుంది, చిల్లరతో పాటు నలిగిపోయిన ఖాళీ స్ట్రిప్ ఒకటి తీసి కౌంటరు మీద పెడుతుంది. వెనక రేకు చిరిగిపోయి పేరు సగమే కనిపిస్తుంది. "ఇదే బాబూ, నిద్దర మాత్ర" అంటుంది. ఇది నిద్ర మాత్ర కాదమ్మా, దురదకి ఇచ్చేది, ఎవరు రాశారు అంటే, "మా వదిన ఏసుకుంటాది, నాకూ బాగానే పట్టింది, రెండు రూపాయల మాత్రకి సీటీ అడుగుతావేటి?" అని కసురుకుంటుంది. ఆవిడ తప్పేం లేదు. పగలంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి రాత్రి కన్ను మూతపడకపోతే మనిషికి ఎలా ఉంటుందో ఆ కళ్ల కింద నలుపు చూస్తే తెలుస్తుంది. అలాంటి వాళ్లకి మొదటి రోజుల్లో నేనూ ఇచ్చాను. ఇవ్వకూడదని నాకు తెలియజెప్పిన సంగతి ఒకటుంది, అదీ చెప్తాను.

జనం ఈ మాత్ర మీదికి ఎందుకు వచ్చారో కూడా చెప్పుకోవాలి. ఆల్‌ప్రజోలామ్ లాంటి అసలు నిద్ర మాత్రలు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టడి జాబితాలో ఉన్నాయి. డాక్టరు చీటీ ఉండాలి, డాక్టరు పేరు, రోగి పేరు, మాత్రల లెక్క మేం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. యాంటీహిస్టమిన్లకి, అంటే ఎవిల్ లాంటి అలర్జీ మందులకి, అంత కట్టడి లేదు, అవి షెడ్యూల్ జిలో ఉంటాయి. అంటే, డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదం అని వాటి మీద హెచ్చరిక అచ్చు వేసి ఉండాలి. ఉంటుంది కూడా, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. అది చదివిన వాళ్లని నేను ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలను. సులువుగా దొరికేది సాధు మందు అని జనం అనుకోవడం సహజం, మీ నాన్నగారు అన్నదీ అదే.

ఇప్పుడు ఈ మందు ఒంట్లో ఏం చేస్తుందో చూద్దాం. మన మెదడు అడుగు భాగంలో, హైపోథాలమస్ అనే చోట, కొన్ని కణాలు మనం మెలకువగా ఉన్నంతసేపూ హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతూ ఉంటాయి. మెదడుని మేల్కొలిపి ఉంచే వాటిలో అదొకటి. ఒంటి మీద దద్దుర్లు, దురద, తుమ్ములు తెప్పించేదీ ఆ హిస్టమినే. పాత తరం అలర్జీ మందులన్నీ, అంటే ఎవిల్‌లో ఉండే ఫెనిరమిన్, సర్కారు ఆసుపత్రిలో పొట్లం కట్టి ఇచ్చే సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్), ఫెనర్గాన్‌లో ఉండే ప్రోమెథజిన్, ఎటరాక్స్‌లో ఉండే హైడ్రాక్సిజిన్, అమెరికా వాళ్ల నిద్ర మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్, ఇవన్నీ రక్తంలోంచి మెదడులోకి ఇట్టే దూరిపోయి అక్కడ హిస్టమిన్ పనిని అడ్డుకుంటాయి. అందుకే మగతగా ఉంటుంది. కొత్త తరానివి, ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ లాంటివి, మెదడులోకి పెద్దగా పోవు, సెట్రిజిన్ కొంచెం పోతుంది. మగత అనేది ఈ పాత మందులకి మొదటి నుంచీ ఉన్న దుష్ప్రభావం. డైఫెన్‌హైడ్రమిన్ 1946లో అలర్జీ మందుగా వచ్చింది, ఆ మగతనే తర్వాత నిద్ర మందు అని అమ్మడం మొదలుపెట్టారు.

మగత వేరు, నిద్ర వేరు. ఈ మాత్ర వేసుకుంటే కలలు వచ్చే దశ నిద్ర తగ్గుతుంది, అందుకే ఎనిమిది గంటలు పడుకుని లేచినా తల దిమ్ముగా, నోరు పిడచ కట్టుకుపోయినట్టు ఉంటుంది. పైగా ఇది తొందరగా అలవాటు పడిపోతుంది. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇచ్చి చూశారు. మొదటి రోజు బాగా మగత వచ్చింది, నాలుగో రోజుకి ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లకీ వీళ్లకీ తేడా లేకుండా పోయింది. నాలుగు రోజులు! మీ అమ్మగారు ఏడాదిగా వేసుకుంటున్నారు. మాత్ర బలం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది, అందుకే ఒకటి రెండయింది. మరి మానేస్తే నిద్ర పట్టదెందుకు అంటావు, అలవాటైన మందు ఆపితే కొన్ని రాత్రులు నిద్ర ఎదురు తిరుగుతుంది, అది చూసి మాత్ర లేకపోతే నాకు నిద్రే లేదు అని మనిషి స్థిరపడిపోతుంది.

మగతకి ఒళ్లు అలవాటు పడుతుంది సరే, మిగతా హాని మీద అలా భరోసా పెట్టుకోవడానికి లేదు. అసలు భయపడాల్సింది ఇక్కడే.

ఈ పాత మందులు హిస్టమిన్ ఒక్కదాన్నే అడ్డుకుని ఊరుకోవు. ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో పదార్థాన్ని కూడా అడ్డుకుంటాయి. నోట్లో లాలాజలం ఊరాలన్నా, పేగు కదలాలన్నా, మూత్రాశయం బిగిసి మూత్రాన్ని బయటికి తోయాలన్నా, చెమట పట్టాలన్నా, ఇప్పుడు ఎక్కడున్నాను, ఈ ఎదురుగా ఉన్నది ఎవరు అన్నది మెదడుకి తెలియాలన్నా అది కావాలి. వయసులో ఉన్నవాళ్లకి దాని పని కొంత తగ్గినా నోరెండటంతో సరిపోతుంది. అరవై ఐదు దాటిన మెదడులో అది ముందే తగ్గుతూ ఉంటుంది, కాలేయం, మూత్రపిండాలు మందుని బయటికి పంపే వేగమూ తగ్గుతుంది, అంటే అదే మాత్ర ఎక్కువసేపు, ఎక్కువ బలంగా ఉంటుంది. సీపీఎం సంగతే చూడు, వేసుకున్నదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే మామూలు మనిషికి 20 గంటలు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఫెనిరమిన్ దానికి సొంత అన్నదమ్ముడి లాంటిది. నిన్న రాత్రి మాత్ర పోకముందే ఈ రాత్రి మాత్ర వచ్చి దాని మీద కూర్చుంటుంది. మీ అమ్మగారు గుమ్మంలో నిలబడి అన్నయ్యని పిలవడం గాలో ధూళో కాదు, ఆవిడకి మతి పోతున్నదనీ ఇప్పుడే అనేసుకోవద్దు. మందు వల్ల ఇలా అయ్యే అవకాశం చాలా ఉంది, ఆపితే తగ్గిపోయిన వాళ్లని నేను చూశాను. కాకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, షుగరు, మూత్రపిండాల జబ్బు కూడా పెద్దవాళ్లకి సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి మందు వల్లే అని ఇంట్లో మనం తేల్చేసుకోకూడదు.

నాకు తెలియజెప్పిన సంగతి అన్నాను కదా. షాపు పెట్టిన కొత్తల్లో మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు, డెబ్బై దాటినాయన, నన్ను మనవడా అని పిలిచేవారు. జలుబు చేసి నిద్ర పట్టట్లేదంటే సీపీఎం ఇచ్చాను, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పి. రెండో రోజు రాత్రి రెండింటికి వాళ్ల కోడలు వచ్చి తలుపు కొట్టింది. వెళ్లి చూస్తే ఆయన మంచం పట్టె గట్టిగా పట్టుకుని వంగిపోయి ఉన్నారు, ఒళ్లంతా చెమట, పొత్తికడుపు కుండలా గట్టిగా పైకి తేలి ఉంది, ముట్టుకుంటే కేక పెట్టారు. మధ్యాహ్నం నుంచి చుక్క మూత్రం రాలేదు. ఆయనకి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉంది, ధార సన్నగా వస్తోందని ఎవరికీ చెప్పుకోలేదు, నేను అడగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లి గొట్టం వేస్తే సంచి నిండిపోయింది. ఆయన బతికారు, తర్వాత కూడా మా షాపుకే వచ్చారు. నేను మాత్రం ఆ రోజు నుంచి యాభై దాటిన మగవాళ్లు ఎవరు జలుబు మాత్ర అడిగినా మూత్రం సాఫీగా వస్తోందా అని అడగకుండా ఇవ్వను. మీ నాన్నగారికి కూడా ఈ మాట చెప్పు, ఇంట్లో స్ట్రిప్ ఉంది కదా అని ఆయన కూడా ఎప్పుడైనా వేసుకుంటారు.

కంటిలో నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, అందులో కోణం మూసుకుపోయే రకం ఉన్నవాళ్లకీ ఇది ప్రమాదమే. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. మలబద్ధకం గురించి పెద్దవాళ్లు చెప్పరు, అడగాలి. ఇక పడిపోవడం. రాత్రి మూత్రానికి లేచినప్పుడు మగతలో గడప తగిలి పడి తుంటి విరిగితే ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడవడం కష్టం. పల్లెటూరి ఇళ్లలో మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది, మధ్యలో రెండు గడపలు, ఒక మెట్టు, కరెంటు లేని రాత్రులూ ఉంటాయి. అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం 65 దాటిన వాళ్లకి ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది, బీర్స్ జాబితా అంటారు. ఈ పాత తరం యాంటీహిస్టమిన్లు అందులో ఉన్నాయి.

మతిమరుపు జబ్బు వస్తుందా అని కూడా అడిగావు. 2015లో సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకి పైగా గమనించి రాసిన అధ్యయనం ఒకటుంది. ఎసిటైల్‌కోలిన్‌ని గట్టిగా అడ్డుకునే మందులు ఏళ్ల తరబడి ఎక్కువగా వాడిన వాళ్లలో డిమెన్షియా ఎక్కువ కనిపించింది. ఆ మందుల్లో ఇలాంటి అలర్జీ మాత్రలూ ఉన్నాయి, నరాల మంటలకి ఇచ్చే ఎమిట్రిప్టిలిన్ లాంటివీ ఉన్నాయి. మందు వల్లే జబ్బు వచ్చిందని అది రుజువు చెయ్యలేదు, రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పింది. కాబట్టి ఏడాది వాడినందుకు ఏదో అయిపోయిందని అమ్మగారిని భయపెట్టొద్దు. ఇంకో ఐదేళ్లు వాడనివ్వకుండా ఉండటానికి మాత్రం ఆ మాత్రం అనుమానం చాలు.

ఇక క్రియాటినిన్ సంగతి. నువ్వు కవిటి అన్నావు, మొదలైంది దురదతో అన్నావు. ఈ రెండు మాటలు కలిపి చదవగానే నాకు టెన్షన్ వచ్చింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంత ఉందో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఊళ్లోనే తెలిసినవాళ్లు ఉండి ఉంటారు. ఆ జబ్బు చాలాకాలం చప్పుడు చెయ్యదు. బాగా ముదిరాక బయటపడే వాటిలో ఒకటి రాత్రిపూట ఒంటి దురద, పైకి దద్దురు కనిపించదు, గోకి గోకి చర్మం నల్లబడుతుంది. ఇంకొకటి, పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టు, లాగినట్టు అనిపించి కదపకుండా ఉండలేకపోవడం. ఈ రెండిటి వల్లా నిద్ర ఉండదు. ఆ దురద హిస్టమిన్ ఒక్కదాని వల్ల వచ్చేది కాదు కాబట్టి ఎవిల్‌కి పెద్దగా లొంగదు, మనిషిని మగతలో పెడుతుంది అంతే. కాళ్ల బాధని అయితే ఈ మందులు ఇంకా పెంచుతాయి. పైగా మూత్రపిండాలు సరిగా లేనివాళ్లకి హైడ్రాక్సిజిన్, సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ మోతాదు తగ్గించి ఇవ్వాలి, అవి మూత్రం దారిలోనే బయటికి పోవాలి. మా షాపుకి ఇలా దురద మాత్ర కోసం నెలల తరబడి వచ్చినావిడ ఒకరికి బలవంతంగా రక్తపరీక్ష రాయించుకోమన్నాను, క్రియాటినిన్ 4 దాటి ఉంది, అంటే మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నట్టే. ఆవిడకి అప్పటిదాకా బీపీ కూడా ఎవరూ చూడలేదు. మీ అమ్మగారికి అలాగే ఉంటుందని కాదు, ఉండకూడదనే కోరుకుంటున్నాను. పరీక్ష చిన్నది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు. క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్, షుగరు, హిమోగ్లోబిన్, వీలైతే ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ కూడా చేయించు. తేడా ఉంటే పలాసలో 2023 చివర్లో మొదలైన కిడ్నీ ఆసుపత్రి ఉంది, విశాఖ దాకా పరిగెత్తనక్కర్లేదు. ఆ దురదకి వేరే మందులున్నాయి, మూత్రపిండాల డాక్టరు లెక్క చూసి ఇస్తారు.

ఆ అమెరికా డబ్బా గురించి. డబ్బా పేరు కాదు, వెనక ఏం రాసి ఉందో చదువు. డైఫెన్‌హైడ్రమిన్ అని గానీ డాక్సిలమిన్ అని గానీ ఉంటే అది ఎవిల్ జాతే. పేరు చివర పీఎం అని ఉండే రకాల్లో అయితే పారాసెటమాల్ కూడా కలిపి ఉంటుంది, టైలెనాల్ పీఎం ఒక్కో మాత్రలో పారాసెటమాల్ 500, డైఫెన్‌హైడ్రమిన్ 25 మిల్లీగ్రాములు. మోకాళ్ల నొప్పులకి పగలు డోలో వేసుకునే మనిషికి రాత్రి ఇవి రెండు ఇచ్చావనుకో, తెలియకుండా పారాసెటమాల్ రెండు వైపుల నుంచీ పోతుంది, కాలేయం మీద పడుతుంది. అమెరికావాళ్లే వాడుతున్నారు కదా అనుకోవద్దు, అక్కడి నిద్ర వైద్యుల అకాడమీయే 2017లో నిద్రలేమికి డైఫెన్‌హైడ్రమిన్ వాడొద్దనే సలహా ఇచ్చింది. ఆ డబ్బాల మీద కూడా రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోతే డాక్టరుని కలవమని రాసి ఉంటుంది.

నీ ప్రశ్నలో లేనివి ఒకటి రెండు, ఇది చదివే మిగతావాళ్ల కోసం. రాత్రి ఈ మాత్ర వేసుకుని పొద్దున్నే కొబ్బరి చెట్టు ఎక్కొద్దు, బండి తీయొద్దు. మగత పోయిందనిపించినా చేతి వేగం తిరిగి రాదు. 2000లో అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పరీక్షించినప్పుడు డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నవాళ్లు, మద్యం తాగినవాళ్ల కంటే కూడా అధ్వానంగా నడిపారు, తమకి ఎంత మగతగా ఉందో వాళ్లు చెప్పినదానికీ నడిపిన తీరుకీ పొంతన కుదరలేదు. మన 16వ నంబరు హైవే మీద ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా రాత్రిపూట నడిపే లారీ, వ్యాను డ్రైవర్లు జలుబు మాత్ర వేసుకునేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. సారా, బీరు తాగిన రాత్రి ఈ మాత్ర ముట్టుకోనే కూడదు. రోహిణి కార్తె ఎండల్లో జీడి బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకి ఈ మాత్ర వల్ల చెమట తగ్గితే వడదెబ్బ తొందరగా తగులుతుంది. పసిపిల్లలకి బస్సు ప్రయాణంలో ఏడవకుండా పడుకుంటారని ఫెనర్గాన్ సిరప్ పట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, దయచేసి చెయ్యొద్దు. రెండేళ్లలోపు పిల్లల్లో ప్రోమెథజిన్ ఊపిరి ఆపేసిన సందర్భాలున్నాయి, ఆ వయసుకి ఇవ్వనే కూడదని అమెరికాలో లేబుల్ మీద పెట్టెకట్టి మరీ హెచ్చరిక వేయించారు. మన దగ్గర కూడా 2023 డిసెంబరులో, సీపీఎం, ఫెనిలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని సీసా మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు.

సరే, అమ్మగారి మాత్ర తగ్గించే పద్ధతి. ఈ రాత్రి నుంచి ఒకటే. ఒక వారం అలా ఉంచి, తర్వాత వారం సగం, ఆ తర్వాత రోజు విడిచి రోజు సగం, మూడో వారం చివరికి సున్నా. ఈలోపు డాక్టరు చూసి ఒకేసారి ఆపెయ్యమంటే ఆయన మాటే విను, అయోమయంలో పడుతున్న మనిషి విషయంలో అలా అనే అవకాశం ఉంది. ఇది ఆల్‌ప్రజోలామ్ లాంటిది కాదు, దాన్ని చాలాకాలం వాడి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. దీన్ని ఆపితే ఎక్కువమందికి వచ్చేది మూడు నాలుగు చెడ్డ రాత్రులు, ఒక్కోసారి కొంచెం దురద. అది వస్తుందని ఆవిడకి ముందే చెప్పు. చెప్పకపోతే రెండో రాత్రికే డబ్బా వెతుక్కుంటారు. ఈ మాత్ర మానిపించి దాని చోట ఆల్‌ప్రజోలామ్ రాయమని మాత్రం డాక్టర్ని అడగొద్దు, పడిపోవడానికీ మతి తప్పడానికీ అది దీనికేం తీసిపోదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లు. బీపీ మాత్ర, మోకాళ్ల నొప్పి మాత్ర, ఊళ్లో తిరిగే సంచి డాక్టరు పేరు లేకుండా పొట్లంలో ఇచ్చినవి, అన్నీ. నిద్ర చెడగొట్టే దొంగ చాలాసార్లు ఆ సంచిలోనే దొరుకుతుంది. మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రి నాలుగుసార్లు లేవాలి, డాక్టరుని అడిగి పొద్దుటికి మార్చుకుంటే సరిపోతుంది. పొట్లాల్లో ఇచ్చే నొప్పి మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే అది మనిషిని పడుకోనివ్వదు, కానీ నెలల తరబడి వాడి ఉంటే దాన్ని కూడా ఉన్నట్టుండి ఆపకూడదు. ఆయాసానికి వాడే డెరిఫిలిన్ కూడా అంతే, మెలకువగా ఉంచుతుంది. పాదాల మంటలకి ఎమిట్రిప్టిలిన్, కడుపు నొప్పికి డైసైక్లోమిన్ లాంటివి వాడుతుంటే అవీ ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేవే, ఎవిల్‌కి తోడై హాని పెరుగుతుంది.

ఇంకొకటి అడుగు, ఆవిడ ఎన్నింటికి పడుకుంటున్నారు? మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో సగం మంది ఏడున్నరకి అన్నం తిని ఎనిమిదికి మంచం ఎక్కి, మూడింటికి మెలకువ వచ్చేస్తోందని మాత్ర అడుగుతారు. ఎనిమిది నుంచి మూడు దాకా ఏడు గంటలు. ఆ వయసుకి అది పూర్తి నిద్రే, జబ్బు కాదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకో రెండు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర అంతకే అయిపోతుంది. మధ్యాహ్నం అరగంటకి మించనివ్వకు, రాత్రి పదింటి దాకా ఏదో ఒక పని, మాట, టీవీ, ఏదైనా సరే కూర్చోబెట్టమను. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు. పడుకున్న ఇరవై నిమిషాలకి నిద్ర రాకపోతే మంచం దిగి, చిన్న దీపం పెట్టుకుని, వత్తులు చేసుకోవడమో పూలు కట్టుకోవడమో చెయ్యమను, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ పడుకోవాలి. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున ఐదున్నరకి లేవాలి. చెప్పడానికి చిట్కాల్లా ఉంటాయి గానీ ఈ పద్ధతికి పేరుంది, సీబీటీ-ఐ అంటారు, అలవాట్లు, ఆలోచనలు మార్చి నిద్రని దారిలో పెట్టే చికిత్స. నిద్రలేమికి మాత్రల కంటే ముందు వాడాల్సింది ఇదేనని అమెరికా ఫిజిషియన్ల సంఘం 2016లో చెప్పింది. ఫలితం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం నిద్ర ఇంకా తగ్గినట్టు అనిపిస్తుంది, అప్పుడు వదిలెయ్యకూడదు.

ఆవిడ మనసు ఎలా ఉందో కూడా చూడు. అన్నయ్యని పిలిచారన్నావు. పిల్లలు హైదరాబాదులో, ఇంట్లో ఇద్దరే, పగలంతా మాట్లాడే మనిషి లేకపోతే రాత్రి నిద్ర రాదు. దిగులు గట్టిగా ఉందనిపిస్తే టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

నాన్నగారితో వాదన పెట్టుకోవద్దు. ఆయనకి ఒక పని అప్పగించు. రాత్రిపూట పెరట్లోకి వెళ్లే దారిలో ఒక ఛార్జింగ్ లైటు పెట్టమను, గడపల దగ్గర అడ్డం ఉన్న చెప్పులు, బకెట్లు తీసెయ్యమను, కేలెండర్ మీద ఏ రోజు ఎన్ని మాత్రలో గీతలు పెట్టమను. మూత్రం ఆగిపోయినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, గుండె దడదడలాడినా, పడి తలకి తగిలినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యమని రాసి గోడకి అంటించు.

పరీక్షలు అయ్యాక క్రియాటినిన్ ఎంత వచ్చిందో, బీపీ ఎంతో, సంచిలో దొరికిన మందుల పేర్లేమిటో రాయి. పొట్లాల్లోని మాత్రలకి పేరు లేకపోతే రంగు, వాటి మీద చెక్కిన అక్షరాలు రాయి, పోల్చుకోగలిగితే చెప్తాను.